వదిలేసిన పండుగప్ప

అల్వాల్ చెరువు గట్టున సాయంకాలం షికారు చేసే మా రిటైర్డు బృందానికి ఒక నియమం ఉంది. మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడవచ్చు, కూరగాయల ధరల గురించి మాట్లాడవచ్చు, అమెరికాలో ఉన్న పిల్లలు ఫోను చెయ్యకపోవడం గురించి ఎంతసేపైనా మాట్లాడవచ్చు. పాపపుణ్యాల సంగతి మాత్రం ఎత్తకూడదు. ఎత్తితే ఎవరో ఒకరు నిలబడిపోయి, చేతులు తిప్పుతూ వాదిస్తారు. నడక ఆగిపోతుంది. నడక ఆగితే షుగరు పెరుగుతుంది. ఈ నియమం పెట్టింది నేనే. 2025 మే నెలాఖర్న దాన్ని తప్పిందీ నేనే. కారణం ఒక చేప.

చేపంటే మా చెరువులో చేప కాదు లెండి. మా చెరువు గట్టు మీద గాలం వేసుకుని కూర్చునేవాళ్ళు ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు కనిపిస్తారు. పట్టినవి ఏ రంగుడబ్బాలోనో వేసుకుని చీకటి పడేవేళకి ఇంటికి పోతారు. వాళ్ళని చూసి జాలిపడటం గాని, కోప్పడటం గాని నేనెన్నడూ చెయ్యలేదు. మనిషి, గాలం, చేప, కూర – ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పినవాణ్ణి, ఇందులో నాకు చిక్కులెక్క ఏమీ కనిపించలేదు. నేను చెప్పబోయేది ఉప్పునీటి చేప సంగతి. దాని పేరు పండుగప్ప.

సముద్రమట్టానికి అయిదొందల మీటర్ల పైన, రాత్రంతా రైల్లో కూర్చుంటే గాని సముద్రం కనిపించని ఈ అల్వాల్‌లో ఉండి ఉప్పుచేప కబుర్లేమిటని మీరడగవచ్చు. నేను పుట్టింది తాళ్ళరేవు దగ్గర. ఉద్యోగం సికింద్రాబాద్ లాక్కొచ్చింది, ఇల్లు అల్వాల్‌లో కట్టించింది. వచ్చిన కొత్తలో చేపలమ్మే అతను ‘రవ్వ’ అంటే ఇదేదో కొత్త జాతి కాబోలనుకుని కొనుక్కెళ్ళాను. తీరా చూస్తే మా శీలావతే. ఊరు మారితే మనుషులకి పేర్లు మారడం మామూలే గాని, చేపలకీ మారతాయని అప్పుడే తెలిసింది. మా అక్కయ్య మాత్రం ఇంకా ఊళ్ళోనే ఉంది. ప్రతి వేసవిలోనూ పదిరోజులు వెళ్ళి, ఆవిడ చేత ముక్క చివాట్లు, ముద్ద ఆవకాయ తిని వస్తుంటాను.

ఈసారి మా మేనల్లుడు కూడా వచ్చాడు. వాడు ఫ్లారిడాలో ఉంటాడు. వాడి సామానులో భుజమెత్తు గొట్టం ఒకటుంది. మా అక్కయ్య దాన్ని చూసి నక్షత్రాలు చూసే దుర్భిణి అనుకుని, పౌర్ణమి ఎప్పుడా అని పంచాంగం కూడా తీసింది. మూత తీస్తే రెండు ముక్కలుగా విడదీసిన గాలపు కర్ర, దారం చుట్టుకునే చక్రం, గాజురాళ్ళ పెట్టెలాంటి పెట్టెలో ఉత్తుత్తి చేపలు. అవి ఎరలట. నిజం చేపల కన్న బాగున్నాయి. ఒకటి నేను కూడా చేతిలోకి తీసుకుని ముచ్చటపడ్డాను.

“పండుగప్పని పట్టి చూడాలి మావయ్యా” అన్నాడు. “మా దగ్గర మడ చెట్ల కింద స్నూక్ అని ఉంటుంది. దీనికి జ్ఞాతి లాంటిది.”

మడ అడవి చూడనివాళ్ళ కోసం రెండు ముక్కలు. గోదావరి సముద్రంలో కలిసేచోట, మంచినీరూ ఉప్పునీరూ కలగలిసిన బురదలో పెరిగే అడవి అది. తెల్లమడ, నల్లమడ, తిల్ల – ఇలాంటి చెట్లు. ఊపిరి ఆడని బురద గనక మడచెట్టు వేళ్ళు కొన్ని పైకి లేచి, నేలంతా పెన్సిళ్ళు గుచ్చినట్టు నిలబడి గాలి పీలుస్తాయి. తిల్ల కొమ్మ విరిచినప్పుడు కారే పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. మా చిన్నప్పుడు దానివైపు వేలు చూపించడానికి కూడా జడిసేవాళ్ళం. రోజుకి రెండుసార్లు పోటు వచ్చి ఈ అడవిని ముంచుతుంది, రెండుసార్లు పాటు వచ్చి ఆరబెడుతుంది. ఆ నీడలో, ఆ వేళ్ళ సందుల్లో రొయ్యపిల్లలు, పీతపిల్లలు, సవాలక్ష చేపపిల్లలు పెరుగుతాయి. సముద్రానికి అది బాలవాడి అన్నమాట. కాకినాడ పక్కన ఉన్న కోరంగి అడవిని 1978లో అభయారణ్యం చేశారు. విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. నీటికుక్కలూ, నీళ్ళలోకి దూకి చేపలు పట్టే బావురుపిల్లీ అక్కడున్నాయి. వాటికి సెలవులూ లేవు, లైసెన్సులూ లేవు. మేం వెళ్ళింది అభయారణ్యం లోపలికి కాదు సుమండీ. దాని హద్దుకి ఇవతల, ఊరివాళ్ళు తాతల నాటినుంచీ వలలేసుకునే పాయలోకి.

పడవ నడిపినతనికి ఏభై అయిదేళ్ళుంటాయి. నన్ను ‘మాస్టారూ’ అనే అంటాడు. వాళ్ళ అన్నకి ఒకప్పుడు సెలవుల్లో నేను ఎక్కాలు చెప్పాను. ఇతను ఇంజను బోటు మీద కలాసీ. కాని ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పుతీరంలో ఇంజను బోట్లు సముద్రం మీదికి పోకూడదు. చేపలు గుడ్లుపెట్టే కాలమని నిషేధం. అంతకుముందు మే నెలాఖరు దాకా 47 రోజులే ఉండేది, 2015 నుంచి 61 రోజులు చేశారు. తెడ్డుతో నడిపే నాటుపడవలకి మాత్రం ఈ అడ్డు లేదు. అందుకని బోటు కట్టేసి, తన చిన్న దోనె మీద పాయల్లో వల విసురుకుంటూ ఈ రెండు నెలలూ లాక్కొస్తున్నాడు. ప్రభుత్వం ఇచ్చే భృతి 2025లో 20,000 రూపాయలు చేశారు. లెక్కల మేష్టారి దురలవాటు కొద్దీ భాగహారం చేశాను. రోజుకి 327 రూపాయల 87 పైసలు. ఇంట్లో ఎంతమందని అడిగితే ఏడుగురన్నాడు. ఆ రెండో భాగహారం చెయ్యకుండా ఊరుకున్నాను.

తెల్లవారుజామున బయల్దేరాం. ఎండెక్కితే నీళ్ళు వేడెక్కుతాయి, వేడి నీళ్ళలో ప్రాణవాయువు తగ్గుతుంది, అప్పుడు పట్టి వదిలిన చేప తేరుకోవడం కష్టం – ఇది మా మేనల్లుడి జ్ఞానం. తెల్లారకముందే పాటు మొదలవుతుంది, చిన్నపాయల్లోంచి నీళ్ళు తీసేటప్పుడు రొయ్యలూ పిల్లచేపలూ గత్యంతరం లేక బయటికొస్తాయి, పాయ మొగలో పండుగప్ప నోరు తెరుచుకుని కాసుకునుంటుంది – ఇది పడవాయన జ్ఞానం. ఇద్దరూ వేరువేరు దారుల్లో ఒకే వేళకి చేరారు. విశ్వవిద్యాలయాలు అనవసరం అనిపించే క్షణాలు ఇలాంటివే.

నాలుగోసారో అయిదోసారో విసిరేసరికి కర్ర వంగింది. చక్రం గిర్రున తిరిగింది. ఇరవై గజాల అవతల నీళ్ళు పగిలి, వెండిపళ్ళెం లాంటిది ఒకటి గాలిలోకి లేచి, తల విదిలించి, మళ్ళీ పడింది. మడవేళ్ళ సందుల్లోకి దూరితే దారం తెగిపోతుంది గనక పడవాయన మాటాడకుండా తెడ్డు వేసి దోనెని అడ్డం తిప్పాడు. పావుగంట. నా గుండె నా నోట్లో ఉంది. అరవై ఎనిమిదేళ్ళ వయసులో, బీపీ మాత్ర వేసుకున్న మనిషిని, “లాగరా, లాగు!” అని అరుస్తున్నానని నాకు తరవాత తెలిసింది.

పడవ పక్కకి తెచ్చాక చూశాను. పండుగప్ప కళ్ళు చూశారా మీరెప్పుడైనా? నిప్పుకణం మీద తేనె పోసినట్టుంటాయి. మావాడు చేతులు తడుపుకుని, పొట్ట కింద చెయ్యి ఆనించి ఎత్తి, టేపు పెట్టి కొలిచాడు. 82 సెంటీమీటర్లు. ఆరేడు కిలోలకి తక్కువుండదు. ఫోటో తీశాడు. ముల్లు లేని కొక్కెమట, ఇట్టే ఊడొచ్చింది. తరవాత దాన్ని నీళ్ళలో నిలిపి, మూతి ప్రవాహానికి ఎదురుగా పెట్టి, బిడ్డకి నడక నేర్పినట్టు కాస్సేపు పట్టుకున్నాడు. అది ఒక్క తోక విసురు విసిరింది. మా ముగ్గురి మొహాలమీదా నీళ్ళు పడ్డాయి. అంతే, లేదు.

పడవాయన మొహం తుడుచుకోలేదు. ఆ నీళ్ళు పోయినచోటే చూస్తూ కూర్చున్నాడు.

“ఏమనుకోకండి బాబూ, తిననప్పుడు దాన్ని పట్టడం ఎందుకండి?” అన్నాడు చివరికి. గొంతులో కోపం లేదు. నిజంగా తెలియకే అడిగాడు.

మావాడు చెప్పాడు. పండుగప్ప మొదట మగదిగా ఎదుగుతుంది. కొన్నేళ్ళు గడిచి బాగా పెద్దదయ్యాక ఆడదవుతుంది. కాబట్టి పెద్దచేపలన్నీ తల్లులు. ఒక్కొక్కటి లక్షలకి లక్షలు గుడ్లు పెడుతుంది. దాన్ని కోసుకుంటే ఒకరోజు కూర, వదిలేస్తే ఎన్నో తరాలు. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ అనేచోట ఇదే చేపకి 58 సెంటీమీటర్లకి తక్కువున్నా, 120కి మించినా వదిలెయ్యాలని చట్టముంది. ఫ్లారిడాలో స్నూకుకీ అలాంటి కొలతలే. వేసవి నెలల్లో పట్టినా ఇంటికి తీసుకుపోకూడదు.

పడవాయన శ్రద్ధగా విన్నాడు. మగది ఆడదవుతుందనే సంగతి అతనికి కొత్త కాదేమో, నవ్వి ఊరుకున్నాడు. “తల్లిని వదలాలంటే సబబేనండి. మా అమ్మా గుడ్డుసేపని వదిలెయ్యమనేది. మరి వదిలేదానికి నోరు సింపడం ఎందుకండి? దానికి నొప్పి ఉండదా?”

మావాడు తడబడ్డాడు. చేప పెదవికి అంత నొప్పి తెలియదని కొందరంటారన్నాడు. “నోరులేనిది గదండి, అదెలా సెబుద్ది” అన్నాడు పడవాయన.

ఇక్కడ కొంచెం ఆగి ఒక మాట చెప్పాలి. ఈ ప్రశ్న పడవాయనొక్కడిదే కాదు. 2003లో బ్రిటన్‌లో శాస్త్రజ్ఞులు ట్రౌట్ అనే చేప పెదవుల్లోకి తేనెటీగ విషమో పుల్లని ఆమ్లమో ఎక్కించి చూశారు. అవి మేత మానేశాయి; కొన్ని అటూ ఇటూ ఊగాయి, పెదవుల్ని గులకరాళ్ళకేసి రుద్దుకున్నాయి. అది నొప్పేనా, ఉత్త శరీరం ఉలికిపాటా అని పండితులు ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. స్విట్జర్లాండ్ వాళ్ళు మాత్రం తేలేదాకా ఆగలేదు. తిరిగి వదిలెయ్యాలనే ఉద్దేశంతో చేపని పట్టకూడదని 2008లో నియమం పెట్టేశారు. తినడానికైతే పట్టు, ఆడుకోడానికి వద్దు. అంటే ఒక దేశంలో వదలకపోవడం నేరం, ఇంకో దేశంలో వదలడానికని పట్టడం నేరం. మధ్యలో చేప.

మావాణ్ణి తీసిపారెయ్యకండి. వాడు చెప్పిన ఇంకో మాటకి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. “నేను గాలం పట్టకపోయుంటే ఈ మడ గురించి నాకేం పట్టేది మావయ్యా? దాన్ని చేత్తో పట్టుకున్నాను గనకే అది బతకాలని నాకుంది. మా దగ్గర గాలాలూ చక్రాలూ కొన్నప్పుడల్లా సుంకం వేసి 1950 నుంచీ చేపల కోసమే ఖర్చుపెడుతున్నారు.” నిజమే కావచ్చు. దూరం నుంచి నమస్కారం పెట్టేవాడికన్న, చెయ్యి తడుపుకున్నవాడికే మమకారం. కాని ఆ మమకారానికి మూల్యం చేప పెదవి. దాన్నెవరూ అడగలేదు.

వాదం అంతటితో అయిపోతే ఈ వ్యాసం రాయను. నా కథ ఆ తరవాతది.

పొద్దెక్కింది. మావాడు గాలం మడిచేశాడు. తిరిగొచ్చే దారిలో పడవాయన మోకాలి లోతు నీళ్ళున్నచోట దోనె ఆపి, తన విసురువల భుజాన వేసుకుని, ఒక మూల పళ్ళతో కరుచుకుని, గుండ్రంగా విసిరాడు. గొడుగు విచ్చుకున్నట్టు పడింది. రెండుమూడుసార్లు విసిరేసరికి వలలో గుప్పెడు రొయ్యలు, రెండు మూడు జెల్లలు, జానెడేసి ఉన్న పండుగప్ప పిల్లలు ఓ ఎనిమిదో తొమ్మిదో పడ్డాయి. అవి వెండిరంగులో ముద్దుగా ఉన్నాయి.

అప్పుడు నాలో మేష్టారు లేచాడు. పొద్దుటినుంచీ విన్న ఉపన్యాసం వంటబట్టి ఉంది. ఆ పెద్దచేప నీళ్ళలోకి వెళ్ళిన దృశ్యం కళ్ళలో ఉంది. మనసు గంగాస్నానం చేసినట్టుంది. “అయ్యో, ఇవి ఇంకా మగవి కూడా కాలేదయ్యా, పసిపిల్లలు, వదిలెయ్యి” అన్నాను.

పడవాయన నా వంక చూశాడు. ఒక్క క్షణం. “సరేనండి మాస్టారూ” అన్నాడు. ఒక్కొక్కటే తీసి నీళ్ళలో వేశాడు. పండుగప్ప పిల్లలతోపాటు, ఎందుకో మరి, జెల్లల్నీ వేసేశాడు. రొయ్యలు మాత్రం మా అక్కయ్యకని ఆకులో కట్టి నా చేతిలో పెట్టాడు. వద్దన్నాను. ఇంటికొచ్చినవాళ్ళు ఒట్టిచేతుల్తో వెళ్ళకూడదన్నాడు. పుచ్చుకున్నాను.

సాయంత్రం పడవబాడుగ ఇద్దామని నేనూ మావాడూ వాళ్ళింటికి వెళ్ళాం. డబ్బు పుచ్చుకుని వెళ్ళనిస్తారా? చాప పరిచారు. భోజనం చేసి వెళ్ళాల్సిందేనన్నారు. ఆయన భార్య పళ్ళేలు పెట్టింది. అన్నం, ఎండు నెత్తళ్ళు వేసి వండిన మామిడికాయ కూర. బ్రహ్మాండంగా ఉంది, అది వేరే సంగతి. ఆవిడ మాత్రం నొచ్చుకుంటూనే ఉంది. “పచ్చిసేప వండుదామని మసాలా నూరి కూకున్నానండి. పెద్దోళ్ళొత్తారు, పులుసు పెడదామనుకున్నాను. ఇవేళ వలలో ఏటీ పడలేదంటండి.”

నేను పడవాయన వైపు చూశాను. ఆయన గోడకి చేరగిలబడి మనవడికి జుట్టు సవరిస్తున్నాడు. “ఒక్కోనాడు అంతే గదే. పడవు” అన్నాడు, నా వైపు చూడకుండా.

మనవడికి ఆరేళ్ళుంటాయి. “తాతా, నిన్న బొమ్మలేసి సూపించిన సేప తెత్తానన్నావుగా” అన్నాడు.

నేను నోరు తెరిచి, “నేనే వదిలెయ్యమన్నానమ్మా” అనవలసింది. ముప్ఫై ఏళ్ళు పిల్లలకి నిజం చెప్పమని బెత్తం పుచ్చుకుని బోధించినవాణ్ణి. నోట్లో ముద్ద ఉంది గనక మాట రాలేదని అప్పుడు సర్దిచెప్పుకున్నాను. ముద్ద మింగాక కూడా రాలేదు.

మాటల్లో 1996 తుపాను వచ్చింది. నవంబరు 6 రాత్రి. సముద్రం మీదికి పోయిన మనుషులు ఎంతమందో తిరిగి రాలేదు. నేను ఎక్కాలు చెప్పిన అన్న అందులోనే పోయాడట. ఈ సంగతి నాకు ఇన్నేళ్ళుగా తెలియదు. ఎవరూ చెప్పలేదు, నేను అడగలేదు. పన్నెండో ఎక్కం దగ్గర వాడు ఎప్పుడూ తప్పేవాడు. పడవాయన మామూలుగా అన్నాడు: “సముద్రం మమ్మల్ని పట్టుకుంటే వదలదు గదండి. దానికీ మాకూ అదే లెక్క.” అని, “మీరు పెరుగేసుకోండి” అన్నాడు.

అల్వాల్ తిరిగొస్తూ రైల్లో నిద్ర పట్టలేదు. పై బెర్తు మీద పడుకుని పురాణాలు తిరగేశాను. మత్స్యావతారం కథ మనందరికీ తెలుసు. సత్యవ్రతుడు నదిలో దోసిలి పడితే అందులోకి ఒక చిన్న చేపపిల్ల వచ్చింది. ఆయన జాలిపడి నీళ్ళలో వదలబోయాడు. అది ఏమంది? పెద్దచేపలు నన్ను తినేస్తాయి, వదలవద్దంది. ఇన్నాళ్ళూ ఆ మాట మీద నాకు దృష్టే పోలేదు. మన పురాణంలో చేప కోరిన దయ వదలడం కాదు, ఉంచుకోవడం. ఉంచుకుంటే ఊరికే పోయిందా? కమండలం చాలలేదు, గంగాళం చాలలేదు, చెరువు చాలలేదు. రాజుకి పని పెరుగుతూనే పోయింది. దయ చూపించినవాడు చివరిదాకా మొయ్యాలన్నమాట. నేను చూపించిన దయని మోసింది ఎవరు? మసాలా నూరి కూర్చున్న ఆవిడ.

ధర్మవ్యాధుడి కథ కూడా గుర్తొచ్చింది. మిథిలలో మాంసం అమ్ముకునే మనిషి దగ్గరికి తపస్సు చేసిన కౌశికుడు ధర్మం నేర్చుకోడానికి వెళ్ళాడు. ఆ వ్యాధుడు తన చేత్తో చంపడు, ఇంకొకరు చంపినది అమ్ముతాడు, తాను తినడు. నేను సరిగ్గా దానికి తిరగేత. తింటాను, చంపను, చంపేవాడికి నీతి చెప్తాను. నాగలి దున్నితే ఎన్ని ప్రాణులు పోవడం లేదని ఆ వ్యాధుడు అడుగుతాడు. అంటే అన్నం కూడా నిర్దోషి కాదు. ఇది తలుచుకుని కాస్త ఊరట పడబోయాను గాని, అన్నం దోషం గురించి ఆలోచిస్తే చేప దోషం తగ్గుతుందా అని సామర్లకోట దాటాక అనుమానం వచ్చి మానేశాను.

ఇవన్నీ మా చెరువుగట్టు బృందంలో విప్పాను. నియమభంగం. అనుకున్నట్టే నడక ఆగిపోయింది. బ్యాంకులో చేసిన మిత్రుడు, “నువ్వు ఆయనకి ఆ చేపల ఖరీదు ఇచ్చెయ్యాల్సింది, ఖాతా సరిపోయేది” అన్నాడు. ఇవ్వబోతే ఆయన పుచ్చుకునేవాడు కాదు. పుచ్చుకున్నా ఆ పిల్లాడు అడిగింది డబ్బు కాదు. శాకాహారి మిత్రుడు ఇదే సమయమని, చేప తినడం మానెయ్యమన్నాడు. మానేస్తే నా మటుకు లెక్క తేలిపోతుంది, ఒప్పుకున్నాను. కాని అప్పుడు 61 రోజులు ఉపవాసం ఉన్నవాడు బోటు మీద తెచ్చింది ఎవడు కొంటాడు? మిలిటరీలో చేసిన మూడోవాడు అసలు ప్రశ్న అడిగాడు: “ఆ పిల్లచేపల్ని వదలడం తప్పంటావా, ఒప్పంటావా?”

ఒప్పే. ఇప్పటికీ ఒప్పే అంటాను. జానెడు పిల్లని పట్టేస్తే రేపు పాయలో ఏముంటుంది? పడవాయనకీ తెలుసు, నాకన్న బాగా తెలుసు. ఆయన వల్ల ఆ పాయ ఖాళీ కాలేదు. ఆయన దోనె అంతెంత, వల అంతెంత? సముద్రాన్ని జల్లెడ పట్టేది వేరేవాళ్ళు. అయినా ఆ పిల్లలు వదలవలసినవే. కాకపోతే వదిలెయ్యమనే మాట నా నోట్లోంచి రాకూడదు. కడుపు నిండినవాడు ‘చాలు’ అంటే అది త్యాగం కాదు, త్రేన్పు. అదే మాట ఆయన తనంతట తాను అనుకుని వదిలి ఉంటే, అప్పుడు ఆయన భార్య ఇంకో రకంగా నొచ్చుకునేది, ఆ పిల్లాడికి ఆయన ఇంకో రకంగా చెప్పేవాడు. నేను ఆయన దగ్గర ఎనిమిది చేపలు లాక్కున్నాను, సరే. తనంతట తాను వదిలే అవకాశం కూడా లాక్కున్నాను. పైగా నా కోసం ఒక అబద్ధం ఆడించాను. మిలిటరీ మిత్రుడు ఇదంతా విని, “ఒప్పే అంటావు, అనకూడదంటావు. ఇంతకీ తేలిందేమిటి?” అన్నాడు. ఏమీ తేలలేదన్నాను. దోమలు ముసురుకుంటున్నాయి, ఇళ్ళకి పోయాం.

జూన్ 8 ఆదివారం వచ్చింది. మృగశిర కార్తె. ఇక్కడి వాళ్ళు మిరుగు అంటారు. ఆ రోజు చేప తినాలని ఈ ప్రాంతపు ఆచారం. నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో ఉబ్బసం వాళ్ళు చేపపిల్లని నోట్లో వేయించుకునేదీ, రాంనగర్ చేపల మార్కెట్టులో ఇసక వేస్తే రాలనిదీ ఆ రోజే. విచిత్రమేమంటే అప్పటికి సముద్రం మీద నిషేధం ఇంకా ఆరు రోజులుంటుంది. చేపలకి తీరంలో సెలవు, నగరంలో పండుగ. నగరం ఆ రోజు తినేదాంట్లో చాలామటుకు చెరువుల చేపే అనుకోండి.

మా అల్వాల్‌లోనూ బండి దగ్గర జనం. కొర్రమీనులు టబ్బులో కదులుతున్నాయి. బొచ్చె, రవ్వ ఐసులో ఉన్నాయి. ఓ మూల పండుగప్ప కూడా ఉంది, కైకలూరు వైపు చెరువుల్లో పెంచినదన్నాడు. పెంచే పండుగప్పకి మేతేమిటో నాకు మేనల్లుడు చెప్పాడు – చిన్నచేపలే. దాని కళ్ళవైపు చూశాను. ఐసులో ఆ నిప్పు లేదు.

నేను వరసలో నిలబడి, అడుగు ముందుకి వేస్తూ, ఇంటికి పోదామా అని రెండుసార్లు అనుకున్నాను. అంతలో నా వంతు వచ్చేసింది. అలవాటు కొద్దీ రవ్వ చూపించాను. రెండు కిలోల చేప. కోసే అబ్బాయి పొలుసు గీకి, పొట్ట చీల్చి, లోపలికి చెయ్యి పెట్టి ఆగాడు. బంగారు రంగు సంచీ ఒకటి వేళ్ళతో పైకి ఎత్తి చూపించాడు. మావైపు దాన్ని జన అంటారు.

“గుడ్లున్నయి సారూ. పెట్టాల్నా, తీసి పారెయ్యాల్నా?”

వెనక నలభై మంది ఉన్నారు. ఎవరో తొందరపెడుతున్నారు. కూరగాయల సంచీతో మా ఆవిడ ఎప్పుడొచ్చిందో, నా భుజం మీదుగా తొంగి చూసింది.

“పెట్టు బాబూ, పారెయ్యకు” అంది. “ఆయనకి అదంటే ఇష్టం.”